దేశాల కార్మిక సంబంధాలు పోల్చేటప్పుడు

తిరుపతి

చి. మాధవికి,

ఆశీస్సులు. ప్రాజెక్టుకు ఆరు దేశాలంటున్నావు. ఫ్రాన్స్, అమెరికా, జర్మనీ, మన దేశం చాలు తల్లీ.

సభ్యత్వ శాతంతో మొదలుపెట్టొద్దు. ఫ్రాన్స్‌లోనూ అమెరికాలోనూ యూనియన్ సభ్యులు ఇంచుమించు 10 శాతమే. కానీ యూనియన్లు యాజమాన్యాలతో కుదుర్చుకునే ఉమ్మడి ఒప్పందాల కిందికి వచ్చేవాళ్లు ఫ్రాన్స్‌లో 90 శాతం పైన, అమెరికాలో 11 దగ్గర. ఫ్రాన్స్‌లో ఒక రంగంలో కుదిరిన ఒప్పందాన్ని ప్రభుత్వం ఆ రంగం మొత్తానికీ వర్తింపజేస్తుంది. అమెరికాలో 1935 నాటి వాగ్నర్ చట్టం కింద యూనియన్ పనిచోటు పనిచోటుకూ కార్మికుల్లో మెజారిటీ తెచ్చుకోవాలి. ఓటింగ్ కోరడానికే 30 శాతం మంది మద్దతు చూపాలి. అందుకే పట్టికలో సభ్యులెందరు, ఒప్పందం ఎవరికి వర్తిస్తుంది అని రెండు గళ్లు విడిగా గీయి.

జర్మనీలో 5 మంది ఉన్నచోట కూడా వర్క్స్ కౌన్సిల్ (కార్మికుల ప్రతినిధుల మండలి) ఎన్నుకోవచ్చు. డ్యూటీ వేళలు, ఓవర్‌టైం దాని ఒప్పుదల లేకుండా యాజమాన్యం మార్చలేదు. అయితే అది సమ్మెకు పిలుపివ్వకూడదు; జీతాల బేరం యూనియన్లది. మన 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని వర్క్స్ కమిటీ 100 మంది గానీ అంతకు మించి గానీ ఉన్నచోట వేసేది, సలహా చెప్పడం వరకే. రెండింటినీ ఒకే గడిలో పెట్టావంటే మీ ప్రాజెక్టు గైడు అక్కడే తప్పు పట్టుకుంటారు.

మన దేశానికి పాత గైడు పుస్తకాలు నమ్మొద్దు. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకొచ్చింది. ఒకటికి మించి యూనియన్లున్నచోట 51 శాతం లేదా అంతకు మించి కార్మికులున్నదే ఏకైక బేరసారాల యూనియన్, అంటే యాజమాన్యంతో బేరమాడేది అదొక్కటే. సమ్మెకు 14 రోజుల నోటీసు ఇప్పుడు అన్ని ఫ్యాక్టరీలకూ తప్పనిసరి.

సమ్మెల లెక్కలు మాత్రం పోల్చకు. అమెరికా ప్రభుత్వం పెద్ద సమ్మెల పట్టికలో 1000 మందికి తగ్గనివే చేరుస్తుంది, చిన్న సమ్మెలు అందులో కనిపించవు.

శ్రీసిటీ పారిశ్రామికవాడకు వెళ్తే ‘యూనియన్ ఉందా?’ అని హెచ్.ఆర్. వాళ్లను అడిగి వచ్చేయకు. పోయినసారి కుదిరిన జీతాల ఒప్పందం 1947 చట్టంలోని సెక్షన్ 12(3) కిందా, 18(1) కిందా అని అడుగు. పాత చట్టంలో 12(3) అంటే రాజీ అధికారి సమక్షంలో కుదిరింది. అది ఆ సంస్థలో కార్మికులందరికీ, రేపు చేరేవాళ్లకూ వర్తిస్తుంది. 18(1) అయితే సంతకం పెట్టిన పక్షాలకే. గడువెంత, కాంట్రాక్టు కార్మికులు అందులో ఉన్నారా అన్నది కూడా రాసుకో. అక్కడున్న జపాన్ కంపెనీలకూ నడిచేది మన చట్టమే, కాబట్టి వాటిని చూసి జపాన్ గురించి ఏమీ రాయొద్దు.

పట్టిక గీశాక పంపు, చూస్తాను.

ఇట్లు,
పెద్దనాయన