27 అడుగుల తెరచాప పడవలో ఏసీ పెట్టొచ్చా?

ఫ్లోరిడాలో 27 అడుగుల తెరచాప పడవ ఉంది, క్యాబిన్‌లో ఏసీ పెట్టొచ్చా అని అడిగారు. పెట్టొచ్చు. కానీ రేవులో కట్టేసి, ఒడ్డు కరెంటు తీసుకునేటప్పుడే అది హాయి. 5,000 బీటీయూ (ఏసీ చల్లబరిచే శక్తికి కొలత) చిన్న ఏసీ కూడా దాదాపు 450 వాట్లు లాగుతుంది. 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ నిల్వకు కొలత) బ్యాటరీ అయితే రెండున్నర గంటల్లో ఖాళీ!

పడవ కోసం చేసిన ఏసీ, పడవ అడుగున వేసిన కన్నం గుండా పంపుతో సముద్రపు నీటిని లాగి, వేడిని ఆ నీటిలోకి వదిలి బయటికి పంపేస్తుంది. అసలు జాగ్రత్తంతా ఆ నీటి దారిలోనే. పంపు నీటిమట్టానికి కిందే ఉండాలి, గొట్టం వంపుల్లేకుండా పైకే సాగాలి. మధ్యలో ఎక్కడైనా ఉబ్బెత్తుగా వంగితే అక్కడ గాలి ఇరుక్కుంటుంది, నీళ్లు ఆగుతాయి, కాసేపటికి ఏసీ ఆగిపోతుంది. పడవ పక్కనుంచి బయటికి పడే ధార సన్నబడిందా, ముందు నీళ్లు లోపలికొచ్చే దారిలోని జల్లెడ విప్పి చూడండి. నాచు పట్టేసి ఉంటుంది. పడవ అడుగున కన్నం వేసే పని మాత్రం అనుభవం ఉన్నవాళ్లకే అప్పగించండి.