లెక్క అడగని లూఫీ, లెక్క రాసిన అన్న

ప్రశ్న: నా వయసు 30. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్ళయి తొమ్మిది నెలలయింది. ఇంటర్ రోజుల నుంచీ ‘వన్ పీస్’ అనే జపాన్ యానిమే (బొమ్మల సీరియల్) అంటే నాకు ప్రాణం. దాన్ని నా భార్యకు కూడా అలవాటు చేయాలని, ఏవి చూడాలో, ఏవి వదిలేయాలో ఒక జాబితా తయారు చేశాను. ఆమె 23వ భాగం దగ్గర ఆపేసి, ‘సీరియల్ చూస్తున్నట్టు లేదు, పరీక్ష రాస్తున్నట్టుంది’ అంది. ఒకప్పుడు నేనూ మా తమ్ముడూ తెల్లవార్లూ చూసేవాళ్ళం. నాన్నగారి వైద్యం ఖర్చుల విషయంలో మాట వచ్చి రెండేళ్ళుగా వాడితో మాటలు లేవు, అది వేరే విషయం. కొత్తవాళ్ళకు ఈ సిరీస్‌ను ఎలా పరిచయం చేయాలి? మా అభిరుచులు కలవవేమోనని భయంగా ఉంది. (నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించాను.)

జవాబు: మీరు అడిగిన ప్రశ్నకు జవాబు చిన్నది కనుక ముందు అది చెప్పేస్తాను. మొదటి భాగం నుంచే చూపించండి, ఆ జాబితాను చించేయండి. 1999 అక్టోబరులో మొదలై 1,100 భాగాలు దాటిన సిరీస్ అది. రోజుకు ఒకటి చొప్పున తప్పకుండా చూసినా మూడేళ్ళు పడుతుంది. అంత కాలాన్ని భర్త చెప్పాడని ఎవరూ ఇవ్వరు, ఇవ్వనవసరమూ లేదు. ఆర్లాంగ్ అనే సముద్రపు దొంగ కథ ముగిసే దాకా, అంటే సుమారు 44 భాగాల దాకా చూసి, ఆ తరువాత ఆమె ఇష్టం అనుకోండి. అదీ బరువనిపిస్తే 2023లో నటీనటులతో తీసిన ఎనిమిది భాగాల నెట్‌ఫ్లిక్స్ రూపం అదే కథను అక్కడి దాకా చెబుతుంది. వదిలేయవలసిన భాగాల జాబితా రెండోసారి చూసేవాళ్ళకు పనికివస్తుంది కానీ మొదటిసారి చూసేవాళ్ళకు కాదు. జోరో, ఉసోప్, సాంజీ అనే సహచరులు ఒక్కొక్కరూ కథానాయకుడు లూఫీకి ఒక్కోచోట తారసపడే ఆ తీరిక నడక లేకపోతే, 37వ భాగంలో నామి ఏడుపు ఎవరో ముక్కూ మొహం తెలియని అమ్మాయి ఏడుపుగానే మిగిలిపోతుంది. ఇంకొక్క మాట: రిమోట్ ఆమె చేతిలో పెట్టండి. మీరు ప్రతి సన్నివేశాన్నీ ఆపి ‘ఇప్పుడు చూడు’ అంటూ తెరను వదిలి ఆమె ముఖం చూస్తున్నారని మీరే రాశారు. అలా చూస్తుంటే ఎవరికి మాత్రం నవ్వు వస్తుంది, ఎవరికి కన్నీళ్ళు వస్తాయి?

అభిరుచులు కలవడం కలవకపోవడం అన్నది పెద్ద విషయమే కాదు. తొమ్మిది నెలల కాపురంలో ఇరవై మూడు భాగాలు ఓపికగా చూసిన అమ్మాయి గురించి మీరు భయపడవలసింది ఏమీ లేదు.

మీ నాలుగు పేజీల్లో నన్ను నిలబెట్టినవి తమ్ముడి గురించిన ఐదారు వాక్యాలు. అందులోనే రెండుసార్లు ‘అది వేరే విషయం’ అని రాసుకున్నారు. వేరే విషయం కాదు, అదే విషయం. హాస్టల్ గదిలో 483వ భాగం చూసిన రాత్రి వాడు అన్నం ముట్టకపోతే, మీరు పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టారట. (ఆ భాగంలో ఏం జరుగుతుందో ఇక్కడ రాయను, మీ భార్య ఈ పేజీ చదవవచ్చు.) ఆ పక్క కుర్చీ రెండేళ్ళుగా ఖాళీగా ఉంది. పాపం, అందులో తెచ్చి మీ భార్యను కూర్చోబెట్టారు. వాడు నవ్విన చోట ఆమె నవ్వాలని, వాడు ఏడ్చిన చోట ఆమె ఏడవాలని ఎదురుచూస్తున్నారు. ఆమె పరీక్ష అన్నది దాన్నే.

ఇక ఆ లెక్క సంగతి. నాన్నగారి వైద్యానికి ఎవరెంత పెట్టారో ఎక్సెల్ షీటులో వేసి, బావగారూ పిన్నీ మేనమామలూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టారు. తమ్ముడి పేరు ఎదురుగా సున్నా. ఆ నెలల్లో వాడికి ఉద్యోగం లేదని మీరే రాశారు, ఆసుపత్రిలో పందొమ్మిది రాత్రులు నాన్నగారి మంచం పక్కన కుర్చీలోనే పడుకున్నాడనీ మీరే రాశారు. ఆ పందొమ్మిది రాత్రులు ఏ గడిలో వేశారు? మీరు తప్పు లెక్క రాశారని నేను అనడం లేదు, ప్రతి రూపాయీ నిజమే కావచ్చు. కానీ ఇంటి పెద్దకొడుకు తమ్ముడి లేమిని నలుగురి ముందు పెట్టకూడదు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు, పాతకాలపు మనిషినని మీరు అనుకున్నా సరే.

మా అక్క మనవడు ఒక వేసవిలో నన్ను పక్కన కూర్చోబెట్టి ఆర్లాంగ్ కథ దాకా చూపించాడు, కనుక మీకు ప్రాణమైన ఆ దృశ్యం నాకూ తెలుసు. ఆర్లాంగ్ చేతిలోంచి తన ఊరిని విడిపించడానికి పది కోట్ల బెర్రీలు (ఆ కథలోని డబ్బు) కూడబెడుతూ నామి ఎనిమిదేళ్ళు గడుపుతుంది. ఆమె అక్క ఆ గతం చెప్పబోతే లూఫీ అక్కర్లేదని లేచి నడకకు వెళ్ళిపోతాడు. కూడబెట్టినదంతా పోయి, చేతి మీద ఉన్న ఆర్లాంగ్ ముఠా పచ్చబొట్టును కత్తితో పొడుచుకుంటున్న ఆమె చివరికి సాయం చేయమని అడిగినప్పుడు, తన గడ్డిటోపీని ఆమె తల మీద పెట్టి బయలుదేరుతాడు. తన పడవనే సొమ్ముతో సహా ఎత్తుకుపోయిన మనిషి ఆమె. అయినా ఒక్క లెక్క అడగడు. మీరు ఈ దృశ్యాన్ని ముప్పైసార్లు చూశానని రాశారు. నాకైతే కొంచెం కోపమే వచ్చింది.

వాడు ముందు మాట్లాడాలని మీరు ఎదురుచూడవద్దు. మీ పెళ్ళిలో తలంబ్రాలు కాగానే వెళ్ళిపోయాడన్నది మీకు నొప్పిగా ఉంది, కానీ నాకు వాడు వచ్చాడన్నదే కనిపిస్తోంది. గ్రూపులో పెట్టిన లెక్కను గ్రూపులోనే వెనక్కి తీసుకోండి, ఆ షీటు పెట్టడం నా తప్పు అని రెండు వాక్యాలు, సంజాయిషీ లేకుండా. ఆ తరువాత ఫోనులో కాక, వాడు ఉంటున్న పుణేకు వెళ్ళండి. డబ్బు సంగతి వాడు ఎత్తితే వినండి, మీరు ఎత్తవద్దు. మీ భార్య వస్తానంటే వెంట తీసుకువెళ్ళండి, ఆమె మరిదిని పెళ్ళి ఫొటోల్లో తప్ప సరిగా చూసి ఉండదు.