మొబిలిటీ స్కూటర్‌తో అలాస్కా క్రూయిజ్‌కి వెళ్ళొచ్చా?

మీ అమ్మగారు వేసవిలో హైదరాబాద్ నుంచి వస్తున్నారనీ, మోకాళ్ళ వల్ల మొబిలిటీ స్కూటర్ (కూర్చుని నడుపుకునే చిన్న బ్యాటరీ బండి) మీదే తిరుగుతారనీ రాశారు. సియాటిల్ నుంచి అలాస్కా క్రూయిజ్‌కి తీసుకెళ్ళొచ్చా, ఎప్పుడూ ఒకరు పక్కనే ఉండాలా అని అడిగారు. తప్పకుండా తీసుకెళ్ళండి. నాకు చిన్నప్పుడే పోలియో వచ్చింది, కొన్నేళ్ళుగా స్కూటర్ మీదే తిరుగుతున్నాను. ఆ రూట్‌లో వెళ్ళొచ్చాను కాబట్టి చూసినదే చెప్తాను.

అన్నిటికన్నా ముందు గది సంగతి తేల్చుకోండి. మామూలు క్యాబిన్ తలుపు వెడల్పు చాలా ఓడల్లో 22, 23 అంగుళాలే. చిన్న ట్రావెల్ స్కూటర్లే 20 అంగుళాలకి అటూఇటూ ఉంటాయి. ఎలాగో లోపలికి దూర్చినా తిప్పుకునే చోటుండదు. రాత్రికి కారిడార్‌లో పెడదామంటే ఒప్పుకోరు, ప్రమాదం జరిగితే జనం బయటపడాల్సిన దారి అది. అందుకే యాక్సెసిబుల్ క్యాబిన్, అంటే వికలాంగులకి వీలుగా కట్టిన గది తీసుకోండి. తలుపు దాదాపు 32 అంగుళాలు ఉంటుంది. దానికన్నా పెద్ద సుఖం బాత్‌రూమ్‌లో ఉంది: స్కూటర్ గుమ్మం దాకా వెళ్తుంది, గడప లేదు, షవర్ కింద గోడకి మడత సీటు, చేతికందే ఎత్తులో కడ్డీలు. మామూలు క్యాబిన్‌లో బాత్‌రూమ్‌కి ఎత్తు గడప ఉంటుంది. అర్ధరాత్రి ఓడ ఊగుతుంటే మోకాళ్ళ నొప్పులున్న మనిషి దాన్ని దాటడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు.

ఈ గదులు ఓడకి కొన్నే ఉంటాయి. అలాస్కా సీజన్ కూడా ఇంచుమించు ఏప్రిల్ చివరి నుంచి అక్టోబర్ దాకానే. కాబట్టి వీలైనంత ముందే బుక్ చేయండి. వెబ్‌సైట్‌లో బుక్ చేసి వదిలేయకుండా ఫోన్ చేసి స్కూటర్ వెడల్పు, బరువు, బ్యాటరీ రకం చెప్పి నోట్ చేయించండి. అడగడానికి మొహమాటపడొద్దు. హ్యూస్టన్ నుంచి క్రూయిజ్ ఎక్కిన వికలాంగులైన ప్రయాణికుల కేసులో, విదేశీ జెండా ఉన్న ఓడలైనా అమెరికా జలాల్లో ఆ దేశపు వికలాంగుల హక్కుల చట్టం కిందకి వస్తాయని 2005లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. వాళ్ళు పోరాడబట్టే ఇవాళ మనం ఇంత తేలిగ్గా అడగగలుగుతున్నాం.

సియాటిల్‌కి ఫ్లైట్‌లో వెళ్తుంటే బ్యాటరీ మీద రాసి ఉన్న వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో హెచ్చవేయండి. 24 వోల్టులు, 12 ఆంపియర్ అవర్లయితే 288 వాట్ అవర్లు. విడదీసే లిథియం బ్యాటరీ ఒక్కటే ఉంటే పరిమితి 300. దాన్ని తీసి క్యాబిన్‌లోకి మీతోనే తీసుకెళ్ళాలి. స్కూటర్ని విమానం తలుపు దాకా నడుపుకుంటూ వెళ్ళి అక్కడ అప్పగించొచ్చు. ఓడలోకి సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులు రానివ్వరు, ఛార్జర్ తీగ పొడవు చూసుకోండి.

రేవుల్లో అసలు ఇబ్బంది ఆటుపోట్లతోనే. ఆ తీరంలో కొన్ని రోజుల్లో పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం తేడా 20 అడుగులు దాటుతుంది. పొద్దున చదునుగా ఉన్న ర్యాంపు మధ్యాహ్నానికి నిట్టనిలువుగా కనిపించొచ్చు. దిగేటప్పుడే గ్యాంగ్‌వే (ఓడ నుంచి రేవుకి వేసే వంతెన) దగ్గరున్న సిబ్బందిని పాటు ఎప్పుడో అడిగి, తిరిగొచ్చే టైమ్ దాన్నిబట్టి పెట్టుకోండి. ఇక అలాస్కాలో ఓడ ఆగే ఊళ్ళ సంగతి. జూనోలో కొండ మీదకి వెళ్ళే కేబుల్ కార్, మౌంట్ రాబర్ట్స్ ట్రామ్, రేవు పక్కనే ఉంది. మెండెన్‌హాల్ గ్లేసియర్ (హిమానీనదం) ఊరికి 12 మైళ్ళ పైనే, అక్కడ ఫొటో పాయింట్ దాకా చదునైన బాట ఉంది. కాకపోతే లిఫ్ట్ ఉన్న బండి ముందే మాట్లాడుకోవాలి. స్కాగ్వేలో వైట్ పాస్ రైలు 20 మైళ్ళలో 2,865 అడుగుల ఎత్తుకి తీసుకెళ్తుంది. వీల్‌చెయిర్ లిఫ్ట్ ఉన్న బోగీలున్నాయి, టికెట్ కొనేటప్పుడే స్కూటర్ కొలతలు చెప్పండి. కెచికన్‌లో ఏడాదికి దాదాపు 150 అంగుళాల వాన. బాత్‌రూమ్‌లో ఇచ్చే షవర్ క్యాప్‌ని హ్యాండిల్ మీది స్విచ్‌లకి తొడిగితే చక్కగా సరిపోతుంది. ఓడ దూరంగా ఆగి చిన్న టెండర్ పడవల్లో ఒడ్డుకి తీసుకెళ్ళే రేవులున్న ప్యాకేజీ మాత్రం వద్దు. బరువైన స్కూటర్లని వాటిలోకి ఎక్కించరు.

ఇక ఎప్పుడూ ఒకరు పక్కనే ఉండాలా అన్నారు. అక్కర్లేదండీ. దయచేసి అలా ఉండొద్దు కూడా. మా ఊళ్ళో నేను గుమ్మం దిగాలన్నా ఎవరో ఒకరు రావాలి, వాళ్ళకి తీరిక ఉండాలి. మనకి ఓపిక ఉన్నా, బయటికి వెళ్ళాలని ఉన్నా, ఇంకొకరి వీలు కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో మీ అమ్మగారికి బాగా తెలిసే ఉంటుంది. ఓడలో డెక్‌లన్నిటికీ లిఫ్టులున్నాయి, దారులు చదును. పొద్దున్నే అందరూ పడుకుని ఉండగానే లేచి, టీ కప్పు ముందు బుట్టలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ముందు డెక్‌కి వెళ్ళిపోయేదాన్ని. మా వాళ్ళు మొదట్లో టెన్షన్ పడ్డారు, తర్వాత అలవాటైపోయింది. ఓడ యాప్‌లో మెసేజ్ పెట్టుకోవచ్చు, అది చాలు. హిమానీనదాలు కనిపించే గ్లేసియర్ బే అనే అఖాతంలో మాత్రం జనం రెయిలింగ్ దగ్గర గుమిగూడతారు. కూర్చున్న మనిషి కళ్ళకి పైకడ్డీ సరిగ్గా అడ్డొస్తుంది. కింద గాజు పలకలున్న డెక్ ఎక్కడుందో ముందురోజే చూసి పెట్టమనండి. షో అయిపోగానే లిఫ్టులు కిక్కిరిసిపోతాయి, ఓ పావుగంట ఆగి వెళ్తే హాయి. అత్యవసర పరిస్థితిలో లిఫ్టులు ఆపేస్తారు కాబట్టి, మెట్లు దిగడానికి సాయం కావాలని మొదటిరోజే పేరు రాయించండి.

భోజనం గురించి దిగులొద్దు. డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌కి ముందురోజు చెప్తే చాలా ఓడల్లో పప్పూ అన్నం, పెరుగు దొరుకుతాయి.

వీసా పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి. విదేశీ ఓడ అమెరికాలో ఎక్కించుకున్నవాళ్ళని చుట్టూ తిప్పి మళ్ళీ అమెరికాలోనే దింపాలంటే మధ్యలో ఇంకో దేశంలో ఆగాలి, అది 1886 నాటి చట్టం. అందుకే సియాటిల్ ఓడలు చాలావరకు కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. భారత పాస్‌పోర్ట్ మీద అమెరికా విజిటర్ వీసాతో వచ్చేవాళ్ళకి కెనడా వీసా వేరుగా కావాలి, బయోమెట్రిక్స్ కూడా ఇవ్వాలి. అమ్మగారు హైదరాబాద్‌లో ఉండగానే అప్లై చేయించండి.