హోటల్ గదిలో సంచి విప్పకముందే...
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హోటళ్ల గురించే. గది బాగాలేదని దిగగానే చెబితే రిసెప్షన్‌వాళ్లు మార్చి ఇస్తారు. ఒక రాత్రి పడుకుని లేచాక చెబితే వాదన మొదలవుతుంది. అందుకే కింది జవాబుల్లో చాలావరకు సంచి విప్పకముందు చేయాల్సిన పనులే.

*ప్ర: సంక్రాంతి సెలవుల్లో ఒక హోటల్లో దిగితే హాయిగా నిద్రపట్టింది. ఆ నమ్మకంతోనే నెల తిరిగాక మళ్లీ అక్కడే, అదే అద్దెకు దిగాం. రాత్రంతా మోతే. ఒకే హోటల్లో ఇంత తేడా ఏమిటి? – పాఠకుడు, రాజమహేంద్రవరం*

జ: మీరు మొదట దిగింది పెళ్లిళ్లు ఉండని పుష్యంలో, రెండోసారి పెళ్లిళ్లు జరిగే మాఘంలో. మన ఊళ్లలో కాస్త పెద్ద హోటలంటే కింద ఫంక్షన్ హాలు ఉంటుంది. ముహూర్తం ఉన్న రోజు అర్ధరాత్రి దాకా డీజే, తెల్లవారుజామున మేళం, మధ్యలో వంటవాళ్ల గిన్నెల చప్పుడు తప్పవు. బుక్ చేసేముందు పంచాంగం చూడండి. ఆ రోజు లగ్గాలుంటే ఫోన్ చేసి "ఆ రాత్రి హాలు బుకింగ్ ఉందా?" అని సూటిగా అడగండి. ఉంటే హాలుకు రెండు మూడు అంతస్తుల పైన, హాలు గుమ్మానికి రెండోవైపున గది కావాలని చెప్పండి. ఆషాఢంలోనూ మూఢంలోనూ ఈ బెడద ఉండదు, అద్దె కూడా బేరమాడవచ్చు.

ఇక గది ఎక్కడుందన్నది మరో సంగతి. చాలా హోటళ్లలో లిఫ్టు మోటారు మేడ మీదే ఉంటుంది కాబట్టి పై అంతస్తులో లిఫ్టు పక్కగదికి దాని గుర్రు వినిపిస్తూనే ఉంటుంది. ఎండాకాలంలో ఆ అంతస్తుకు స్లాబు వేడి అదనం, ఏసీ ఎంత తిరిగినా అర్ధరాత్రికి గాని గది చల్లబడదు. కింది అంతస్తులో వెనకవైపు గదులకు జనరేటరు, వంటగది ఎగ్జాస్టు దగ్గరవుతాయి. నడిమి అంతస్తులో, లిఫ్టుకు దూరంగా వరండా చివరన, రోడ్డువైపు కాని గది అడగండి. బుక్ చేసేటప్పుడు ఒకసారి, తాళం తీసుకునేటప్పుడు మరోసారి చెప్పాలి. ఫోన్లో చెప్పిన మాట చాలాసార్లు కౌంటరు దాకా చేరదు.

*ప్ర: యాత్ర నుంచి వచ్చాక చేతుల మీద వరసగా దద్దుర్లు లేచాయి. దిగిన చోట దుప్పట్లు తెల్లగా మెరిసిపోతూనే ఉన్నాయి మరి. నల్లుల్ని ముందే ఎలా కనిపెట్టాలి? ఇంటికి తెచ్చుకున్నామేమోనని భయంగా ఉంది. – పాఠకురాలు, నిజామాబాద్*

జ: దుప్పటి రోజూ మారుతుంది, పరుపు మారదు. నల్లులుండేది పరుపులో, మంచంలో. తలవైపు రెండు మూలలా దుప్పటి పైకి లాగి, పరుపు అంచు కుట్టును వేళ్లతో విడదీస్తూ ఫోన్ టార్చి వేసి చూడండి. పెద్ద నల్లి 5 మిల్లీమీటర్లు ఉంటుంది, బల్లపరుపుగా, గోధుమరంగులో. అసలు పురుగు కన్నా దాని ఆనవాళ్లే ముందు కనిపిస్తాయి: సిరా చుక్కల్లాంటి నల్లమచ్చలు, లేతరంగు పొరల్లా విడిచిన చర్మాలు. మచ్చను తడిగుడ్డతో రుద్దితే గోధుమరంగుగా అలుక్కుపోతుంది, మామూలు మరక అలా కాదు. తర్వాత మంచం తలవైపు చెక్క వెనక, చెక్కల అతుకుల్లో, పక్కనున్న సొరుగులో, సోఫా కుట్లలో చూడాలి. ఇదంతా అయిదు నిమిషాల పని. అంతసేపూ మీ సంచులు బాత్రూంలో పొడి టైల్స్ మీద ఉండాలి. మంచం మీదా సోఫా మీదా పెట్టవద్దు.

మచ్చలు కనిపిస్తే ఫోటో తీసి వేరే గది అడగండి. పక్కగది గానీ, సరిగ్గా పైదీ కిందదీ గానీ వద్దు. గోడ పగుళ్ల వెంట, వైరింగు గొట్టాల వెంట నల్లులు ఆ గదులకే ముందు పాకుతాయి. స్ప్రే కొట్టిస్తామంటే ఒప్పుకోకండి. పైపైన కొట్టిన మందుకు అవి చెల్లాచెదురై ఇంకో మూలకు పోతాయి.

ఇంట్లో చేయాల్సింది: సంచిని పడకగదిలోకి తీసుకెళ్లకుండా బాల్కనీలో ఖాళీ చేయండి. బట్టల్ని ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి నేరుగా వాషింగ్ మెషీన్లో వేసి 60 డిగ్రీల వేడిలో ఉతకండి. ఆ సదుపాయం లేకపోతే నూలు బట్టల్ని మరిగే నీళ్లలో నానబెట్టండి. ఎండలో ఆరేస్తే చాలదు, నీడ వెతుక్కుంటూ మడతల్లోకి దూరుతాయి. సంచి కుట్లు, జిప్పు అంచులు వాక్యూమ్ క్లీనర్‌తో లాగి, ఆ చెత్తను మూటగట్టి బయట పారేయండి. నల్లి తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు కాబట్టి సంచిని అటక మీద పడేసి మరిచిపోతే సమస్య తీరదు. దద్దుర్లు కొందరికి కుట్టిన కొన్ని రోజులకు గాని లేవవు. నాలుగు ఊళ్లు తిరిగి వచ్చినవారు చివరి హోటల్నే అనుమానించడం సరికాదు. నల్లికాటు వల్ల జబ్బులు అంటుకోవు, కానీ వాపు ఎక్కువైతే డాక్టరుకు చూపించండి.

*ప్ర: హిమాచల్‌లో ఒక హోమ్‌స్టేలో స్నానం చేస్తుండగా మా ఆవిడకు కళ్లు తిరిగి వాంతి వచ్చినట్టయింది. బయటికి రాగానే తగ్గింది. చలి వల్లేనా? – పాఠకుడు, వరంగల్*

జ: దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ బాత్రూంలో గ్యాస్ గీజరు ఉందేమో గుర్తు చేసుకోండి. గోడకు డబ్బా, అందులో మంట కనిపించే చిన్న కిటికీ, సిలిండరు నుంచి గొట్టం, కింద బ్యాటరీలు వేసే చోటు ఉంటే అది గ్యాస్‌దే. చిన్న గదిలో తలుపులు బిగించి దాన్ని వెలిగిస్తే ప్రాణవాయువు తగ్గిపోయి, గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. మొదట తలనొప్పి, తిప్పుడు, వికారం. ఆపైన కాళ్లూచేతులూ సత్తువ కోల్పోయి గడియ తీసే శక్తి కూడా ఉండదు. మనుషులు చనిపోయేది ఇలాగే.

బుక్ చేసేముందే అడగండి: "గీజరు కరెంటుదా, గ్యాస్‌దా? గ్యాస్‌దైతే బాత్రూం బయట బిగించారా?" లోపలే ఉంటే, వేరే గది దొరకకపోతే, తలుపూ కిటికీ తెరిచి బకెట్ నింపుకోండి. గీజరు ఆపి, గాలి ఆడనిచ్చి, అప్పుడు స్నానం చేయండి. మంట నీలంగా కాక పసుపుగా ఉంటే అసలు వాడకండి. లోపలున్నవారు పిలిచినా పలకకపోతే తలుపు పగలగొట్టి ఆరుబయటికి లాగి, 112కు ఫోన్ చేయాలి.

మన వైపు హోటళ్లలో ఎక్కువగా కనిపించే 15 లీటర్ల కరెంటు గీజరుతో ఈ ప్రమాదం లేదు. వేడినీళ్లు మూడోవారికి అందవన్న ఫిర్యాదు మాత్రం చాలామంది రాశారు. 2 కిలోవాట్ల గీజరులో 25 డిగ్రీల నీళ్లు 60కి చేరడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది. చన్నీళ్లు కలిపితే 35 లీటర్లు, అంటే రెండు బకెట్లు. ప్రతి రెండు బకెట్లకూ 20 నిమిషాలు ఆగండి.

*ప్ర: నెట్‌లో దొరికిన నంబరుకు ఫోన్ చేసి, పుణ్యక్షేత్రంలో గది కోసం 2,000 రూపాయలు యూపీఐలో పంపాం. వెళ్లి చూస్తే రిజిస్టరులో మా పేరే లేదు. – పాఠకురాలు, నెల్లూరు*

జ: తప్పు మీది కాదు, ఇది ఒక పద్ధతిగా సాగుతున్న మోసం. యాత్రికులకు వల వేసే నకిలీ బుకింగ్ సైట్ల గురించి కేంద్ర హోంశాఖ సైబర్ నేరాల విభాగం 2025 ఏప్రిల్‌లోనే హెచ్చరించింది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, చెల్లింపు వివరాల్లో కనిపించే లావాదేవీ సంఖ్య (యూటీఆర్ నంబరు) చెప్పండి. బ్యాంకుకూ రాసి ఇవ్వండి. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బు నిలిపేసే అవకాశం అంత ఎక్కువ. "రీఫండు ఇస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అని మళ్లీ ఫోన్ వస్తే పెట్టేయండి. మనకు డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు.

ముందుజాగ్రత్త ఒకటే: డబ్బు పంపేటప్పుడు తెర మీద కనిపించే పేరు చూడండి. హోటల్ పేరో సంస్థ పేరో కాక ఎవరో వ్యక్తి పేరు వస్తే ఆగిపోండి. తిరుమల గదులకు తిరుమల తిరుపతి దేవస్థానాల అధికారిక వెబ్‌సైటు చిరునామా జీఓవీ డాట్ ఇన్‌తో ముగుస్తుంది, అది చూసుకోండి.

*ప్ర: రోజుకు 4,000 రూపాయల గదికి ఎంత జీఎస్టీ? రెస్టారెంటు బిల్లులో సర్వీస్ చార్జీ కూడా వేశారు. – పాఠకుడు, ఖమ్మం*

జ: 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదికి 5 శాతమే, అంతకుముందు 12 ఉండేది. 7,500 దాటితే 18. సర్వీస్ చార్జీ తప్పనిసరి కాదు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ హోటళ్లు దాన్ని బిల్లులో తమంతట తాముగా వేయకూడదని చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మాటను సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగండి, కుదరదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి.

*ప్ర: ఎనిమిదో అంతస్తులో గది ఇచ్చారు. సముద్రం బాగా కనిపించింది గానీ, మంటలొస్తే ఎలా దిగాలన్న దిగులు పోలేదు. – పాఠకురాలు, విశాఖపట్నం*

జ: ఆ దిగులుకు కారణం ఉంది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక భవనం కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు పుట్టాయి. పైనున్న లాడ్జిలో 8 మంది చనిపోయారు. పొగ మెట్లదారినే పైకెక్కుతుంది. అందుకే సెల్లార్‌లో ఏముందో, రెండో మెట్లదారి ఉందో లేదో దిగేముందే చూడండి. మీ గది నుంచి మెట్ల దాకా ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టుకోండి, పొగలో గోడ తడుముకుంటూ వెళ్లాల్సివస్తే ఆ లెక్కే దారి చూపిస్తుంది. మెట్ల తలుపుకు తాళం ఉంటే, మెట్ల మీద పాత పరుపులు పేర్చి ఉంటే ఆ హోటల్లో ఉండకండి. అలారం మోగితే తలుపును అరచేతి వెనకవైపుతో తాకండి. చల్లగా ఉంటే తాళంచెవి తీసుకుని, తలుపు మూసి, మెట్లదారిన దిగండి. లిఫ్టు ఎక్కవద్దు. వేడిగా ఉంటే తెరవకుండా తడి తువ్వాళ్లు తలుపు సందులో కుక్కి, ఏసీ ఆపి, అగ్నిమాపక శాఖ నంబరు 101కి ఫోన్ చేసి మీ గది నంబరు చెప్పి, కిటికీ దగ్గర నిలబడి గుడ్డ ఊపండి. పెద్దవాళ్లో పసిపిల్లలో వెంట ఉంటే రెండు నుంచి నాలుగో అంతస్తు లోపు గదే అడగండి, సముద్రం కాస్త తక్కువ కనిపించినా సరే.