పెన్సిలుతో రాసుకో, అమ్మలూ

అమ్మలూ,

జీతంలో మిగిల్చుకున్న డబ్బుతో రికార్డ్ ప్లేయర్ కొన్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత ఈ పిచ్చి ఎవరికీ అంటలేదనే అనుకున్నాను. "ముందు ఏ ప్లేట్లు కొనమంటావు పెదనాన్నా?" అని అడిగావు కదా, తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ప్లేట్లు కొనకు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు కొను. నాలుగు కచేరీలకు వెళ్లు. ఏ ప్లేటు కావాలో ఆ తర్వాత నీకే తెలుస్తుంది.

పెన్సిలే ఎందుకంటావా? 2024 సెప్టెంబరు 1న బెజవాడలో బుడమేరు పొంగి మన సింగ్ నగర్ మునిగినప్పుడు కింది గదిలోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. మేం మేడ మీద ఉన్నాం. నీళ్లు తీసి చూస్తే రికార్డుల బీరువాలో కింది రెండు అరలూ, నా కచేరీ పుస్తకాలూ బురదలో ఉన్నాయి. ఇంకు పెన్నుతో రాసిన పేజీలన్నీ నీలం మరకలు. ఎవరు పాడారో, ఏం పాడారో, ఎప్పుడు విన్నానో, అంతా కరిగిపోయింది. పెన్సిలుతో రాసినవి మాత్రం ఆరబెట్టి, ఎండిన మట్టిని పాత టూత్‌బ్రష్‌తో దులిపితే ఒక్కో అక్షరం బయటపడింది. అలా మిగిలిన పేజీ ఒకటి ఇప్పుడు నా ముందుంది.

"శివరామకృష్ణ క్షేత్రం. వాన. కరెంటు పోయింది. మైకు లేకుండా మోహన రాగం, ఇరవై నిమిషాలు. తంబురా వినిపించింది."

ఆ ఆఖరి రెండు మాటలు చూడు. అన్నేళ్లు కచేరీలకు తిరిగినా, మైకు హోరులో నేను తంబురాను పట్టించుకోనేలేదు. ఆ రోజు విద్వాంసుడు గొంతు పెంచలేదు. మేమే కుర్చీలు వదిలి, ముందుకెళ్లి చాప మీద కూర్చున్నాం. ఇంటికొచ్చి ఆయన ఎల్‌పి, అంటే ఎక్కువసేపు మోగే పెద్ద ప్లేటు, పెట్టుకుంటే, వెనకాల సన్నగా తంబురా ఉంది! యాభైసార్లు విన్న ప్లేటే అది. అందుకే ముందు కచేరీ అంటున్నాను.

పుస్తకంలో పెద్దగా రాయక్కర్లేదు. పాడినవారు, పక్కవాద్యాలు, రాగాలు, నీ మనసు ఎక్కడ ఆగిందో ఆ చోటు. రాగం తెలియకపోతే పక్కనున్న పెద్దాయన్ని అడుగు. సత్యనారాయణపురం వైపు సభల్లో ఎవరినడిగినా విసుక్కోకుండా చెబుతారు. స్పీకరు ఎదురుగా కూర్చోకు, నాలుగో అయిదో వరసలో మధ్యన కూర్చో. పాట ఆపి తాళవాద్యాలు మాత్రమే వాయించే తని మొదలవగానే కాఫీకి లేచిపోయేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. మృదంగం, ఘటం వాయించేవాళ్లకి ఆ సాయంత్రమంతటికీ దక్కేది ఆ కాసేపే. లేవకు. తొడ మీద తాళం వేస్తూ కూర్చో. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు. రెండుసార్లు తప్పుతావు, మూడోసారి వాళ్లతోపాటు సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, చేరతావు.

నువ్వు పుట్టిన ఊరికి ఈ విద్యలో పెద్ద వరసే ఉంది. త్యాగరాజస్వామి శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య గారు, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు, ఆయన శిష్యుడు మన బెజవాడలో పాఠం చెప్పిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. పంతులు గారి దగ్గర కూర్చున్న పిల్లవాడే బాలమురళి. ఎనిమిదేళ్ల వయసులో ఇక్కడి త్యాగరాజ ఆరాధన ఉత్సవంలో కచేరీ చేశాడు. తర్వాత ఈ ఊరి సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాలయ్యాడు. రేడియోలో పొద్దున్నే భక్తిరంజని పెడితే మా వీధిలో ఏ ఇంటి ముందు నిలబడ్డా అదే వినిపించేది. నాకు మొదటి గురువు ఆ రేడియోయే.

ఇక ప్లేట్ల సంగతి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్ల మీద, అదే 78ల మీద, నీకు మోజు పుడుతుంది, పుట్టాలి కూడా. పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర. అరగంట పాడే రాగాన్ని అందులో ఇమిడ్చారంటే ఏది ఉంచారో, ఏది వదిలారో విను. అదే పెద్ద పాఠం. అయితే నీ ప్లేయరుకున్న ముల్లుతో వాటిని మోగించకు. 78ల గాడి వెడల్పు, దానికి వేరే ముల్లు కావాలి. లేకపోతే సన్న ముల్లు గాడి అడుగున ఈడ్చుకుంటూ పోతుంది. కొత్తలో నేను ఒక ప్లేటును అలాగే పాడుచేశాను.

కొనేటప్పుడు అట్టను చూసి మోసపోవద్దు. వన్‌టౌన్‌లో ఒక దుకాణంలో వీణ కచేరీ అట్ట చూసి డబ్బిచ్చి వచ్చాను, ఇంటికొచ్చి తీస్తే లోపల ఏదో సినిమా ప్లేటు. మర్నాడు వెళితే తీసుకోనన్నాడు. అక్కడే బయటికి తీసి, లేబుల్ చదివి, దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూడు. గీత కనబడితే గోరుతో మెల్లగా తాకు. గోరు ఆగిందంటే ఆ చోట చప్పుడొస్తుంది. మధ్య కన్నం చుట్టూ లేబుల్ మీద సన్న గీతలుంటాయి, ప్లేటు పెట్టేటప్పుడు ఇరుసు తగిలి పడ్డవి. అవి ఎక్కువుంటే ఆ ప్లేటు చాలాసార్లు మోగిందని అర్థం. అలాంటివి నాకు ఇష్టం. ఎవరో ప్రేమగా విన్నారని. కానీ ధర తగ్గించమని అడుగు.

వరదలో తడిసిన ఎల్‌పిలను ఎలా కడిగానో కూడా రాసుకో. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెల సబ్బు రెండే చుక్కలు. లేబుల్ తడవకుండా, మెత్తటి గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడవాలి, అడ్డంగా కాదు. మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, కంచాల స్టాండులో నిలబెట్టి నీడన ఆరనివ్వాలి. 78లకి మాత్రం స్పిరిట్ తగలనివ్వకు. అది లక్కతో చేసిన సరుకు, కరిగిపోతుంది. నలభై ప్లేట్లకు నాకు పదకొండు రోజులు పట్టింది. మీ పెద్దమ్మ వంటింట్లో గట్టు మీద చోటిచ్చి, ఒక్క మాట అనలేదు.

ప్లేట్లు ఎప్పుడూ నిలబెట్టే ఉంచు, ఒకదాని మీద ఒకటి పేర్చకు. మే నెలలో పడమటి గోడకి బీరువా ఆనిస్తే వంగిపోతాయి.

పుష్య బహుళ పంచమికి సెలవు పెట్టుకుని రా. ఆ పూట ఆరాధనకి వెళ్దాం, త్యాగరాజస్వామి పంచరత్న కీర్తనలు నా పక్కన కూర్చుని విందువుగాని. వరదలో దక్కిన వాటిలో ముప్పై నీకని వేరుగా పెట్టాను. తీసుకెళ్లడానికి గట్టి అట్టపెట్టె తెచ్చుకో. కారు డిక్కీలో పెట్టొద్దు, ఎండకి వేడెక్కుతుంది. వెనక సీటు మీద నిలువుగా పెట్టి, పక్కన దిండు ఆనించు.

మీ పెదనాన్న