తుఫాను బాధితులకు పాత బట్టలు పంపాలా, రెడ్ క్రాస్‌కి డబ్బు కట్టాలా?

అపార్ట్‌మెంట్‌లో అందరి దగ్గరా పాత బట్టలు, దుప్పట్లు పోగుచేశాం, వాటిని పంపాలా లేక రెడ్ క్రాస్‌కి డబ్బు కట్టాలా అని అడిగారు కదా. డబ్బే కట్టండి.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, వజ్రపుకొత్తూరు వైపు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి తలుపు తీస్తే కొబ్బరి చెట్లు లేవు, జీడి తోట నేలమట్టం, మా వంటింటి రేకులు పక్కవాళ్ళ పెరట్లో. తిండి కంటే ముందు నీళ్ళకి ఇబ్బంది పడ్డాం. కరెంటు స్తంభాలన్నీ పడిపోయాయి, మోటార్లు తిరగవు, ట్యాంకరో జనరేటరో వచ్చిందంటే ఊరంతా బిందెలతో పరుగు. మూత ఉన్న ఒక్క బకెట్ కోసం మా అమ్మ ఎంత వెతికిందో.

నాలుగైదు రోజులకి ఎక్కడినుంచో ఒక వ్యాన్ నిండా బట్టలొచ్చాయి. పంపినవాళ్ళది మంచి మనసే, కాదనను. కానీ చిరిగిన ప్యాంట్లు, స్వెటర్లు, పిల్లల యూనిఫాంలు అన్నీ కలిసిపోయి ఉన్నాయి, విడదీసే ఓపిక ఎవరికీ లేదు, బడి వరండాలో కుప్పపోస్తే వానకి తడిసి కంపు కొట్టాయి. చివరికి వాటిని ఎత్తిపోయడం కూడా మా పనే అయింది.

రెడ్ క్రాస్ తరఫున మా ఇంటికి వచ్చినవి టార్పాలిన్, దోమతెర, దుప్పటి, వంట గిన్నెల సెట్టు. ఆ టార్పాలిన్ కిందే ఎండాకాలం వరకూ వండుకున్నాం. ఇలాంటివి తుఫాను వచ్చాక బజారుకెళ్ళి కొనేవి కావు, ముందే కొని గోదాముల్లో ఉంచుతారు, అందుకే ఏ విపత్తూ లేని నెలలో ఇచ్చే డబ్బు కూడా అంతే ముఖ్యం.

ఇంకో మాట, వస్తువు ఉంటే చాలదు, ఎవరికివ్వాలో తెలియాలి. ఊళ్ళో కుర్రాళ్ళం కలిసి ఇంటింటికీ తిరిగి రాసిన మొదటి జాబితాలో చెరువు గట్టు మీద ఒంటరిగా ఉండే ముసలమ్మ పేరు లేదు, రేషన్ కార్డు వలసపోయిన కొడుకు పేరు మీద ఉంది మరి. అమ్మ అడిగితే గానీ మాకు తట్టలేదు. ఆ తర్వాతే నేను రెడ్ క్రాస్‌లో వాలంటీర్‌గా చేరాను.

నమ్మకం సంగతి అడిగారు. భారత రెడ్ క్రాస్ ప్రభుత్వ శాఖ కాదు గానీ 1920లో ప్రత్యేక చట్టంతో ఏర్పడిన సంస్థ, రాష్ట్రపతి దీనికి అధ్యక్షులు, జిల్లా శాఖకి కలెక్టర్. రసీదు తప్పకుండా తీసుకోండి, పాత పన్ను విధానంలో ఉంటే విరాళానికి ఆదాయపు పన్నులో మినహాయింపు వస్తుంది. వాట్సాప్‌లో తిరిగే క్యూఆర్ కోడ్‌లకి మాత్రం పైసా పంపొద్దు, సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనో జిల్లా ఆఫీసులోనో కట్టండి.

మీరు పోగుచేసిన వాటిలో కొత్త దుప్పట్లుంటే పక్కన పెట్టి, జిల్లా శాఖకి ఫోన్ చేసి కావాలా అని అడిగాకే లారీ ఎక్కించండి.