తాబేళ్ళ సంరక్షణ సంస్థలో కమ్యూనిటీ రేంజర్‌గా చేరొచ్చా? శ్రీకాకుళం తీరంలో ఆ పని చేస్తున్నవాడిగా నా జవాబు

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీది సముద్రం ఒడ్డున మత్స్యకార గ్రామం, డిగ్రీ అయిపోయింది, సముద్రపు తాబేళ్ళ కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ మీ ఊళ్ళోనే కమ్యూనిటీ రేంజర్‌గా తీసుకుంటామంటోంది, ఇంట్లో మాత్రం రాత్రిళ్ళు ఒడ్డున తిరిగే ఉద్యోగమేంటని వద్దంటున్నారు. నేను శ్రీకాకుళం జిల్లా తీరంలో చాలా సీజన్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. చేరండి. కానీ తాబేళ్ళంటే ఇష్టం అన్న ఒక్క కారణంతో మాత్రం చేరకండి, ఎందుకంటే ఈ పనిలో తాబేలుతో గడిపేది చాలా తక్కువ. మిగతా పనంతా మీ మేనమామతోనూ, బోటు ఓనరుతోనూ, సర్పంచ్‌తోనూ, టీ కొట్టు దగ్గర కూర్చునే కుర్రాళ్ళతోనూ ఉంటుంది.

ముందు మీ ఇంట్లోవాళ్ళు భయపడుతున్న రాత్రి పని సంగతి. మన తీరానికి ఆలివ్ రిడ్లీలు అనే జాతి సముద్రపు తాబేళ్ళు ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికి వస్తాయి, కొన్ని డిసెంబరులోనే మొదలుపెడతాయి, పిల్లలు బయటికి రావడం మే దాకా సాగుతుంది. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే రుషికుల్య నది ముఖద్వారం దగ్గర 2025 ఫిబ్రవరిలో దాదాపు ఏడు లక్షలు వచ్చాయి కదా, ఇక్కడ అలా గుంపుగా రావు. ఒకటీ అరా, ఎక్కడ తోస్తే అక్కడ ఎక్కుతాయి. అందుకే ఒక్కో గూడూ నడిచి వెతుక్కోవాల్సిందే. ఇద్దరిద్దరం కలిసి అర్ధరాత్రి దాటాక బయల్దేరి, పోటు నీళ్ళు వచ్చి ఆగిన గీత వెంబడి నడుస్తాం. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుంటాం, తెల్ల లైటు పడితే పైకి ఎక్కుతున్న తల్లి వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. జాడ కనిపిస్తే ఎవరూ చెప్పక్కర్లేదు, చిన్న ట్రాక్టరు నీళ్ళలోంచి ఎక్కి మళ్ళీ నీళ్ళలోకి దిగినట్టు ఉంటుంది.

జాడ దొరికాక చేసే పని మాత్రం నేర్చుకుని తీరాలి. తల్లి గుడ్లు పెట్టాక గుంట కప్పేసి, ఒంటితో అటూ ఇటూ ఊగుతూ ఇసుకని దిమ్మిస చేసి వెళ్తుంది, పైకి చూస్తే ఏదీ తెలియదు. సన్నటి పుల్ల తీసుకుని నెమ్మదిగా గుచ్చుకుంటూ పోతే చుట్టూ గట్టిగా తగిలిన ఇసుక ఒక్కచోట మెత్తగా దిగిపోతుంది. అక్కడ పుల్ల పక్కన పడేసి ఇక చేత్తోనే తవ్వాలి. ఒకటిన్నర అడుగు లోతుంటుంది, పైన సన్నగా, అడుగున వెడల్పుగా. వంద, వంద పైచిలుకు గుడ్లు ఉంటాయి, వెచ్చగా, తడిగా, వేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయేంత మెత్తగా. ఒక్కొక్కటే తీసి, గూట్లో ఏ వైపు పైకి ఉందో ఆ వైపే పైకి ఉంచి బకెట్లో పెట్టాలి, అడుగున ఆ గూటి ఇసుకే వేయాలి. పెట్టిన కొన్ని గంటలు దాటితే లోపలి పిండం గుడ్డు పై పొరకి అంటుకుంటుంది, ఆ తర్వాత గుడ్డు తిరగబడితే పిల్ల చచ్చిపోతుంది. అందుకే తెల్లారాక తీరిగ్గా వెళ్తే కుదరదు, కుక్కలూ నక్కలూ కూడా మనకంటే ముందే వాసన పట్టేస్తాయి. హేచరీలో, అంటే గుడ్లు పొదగడానికి ఒడ్డున కంచె కట్టి ఉంచిన చోట, అంతే లోతు, అదే ఆకారంలో గుంట తీసి పెట్టి, తారీఖు, గుడ్ల లెక్క, ఎక్కడ దొరికాయి అన్నది కార్డు మీద రాసి కట్టాలి. 45 నుంచి 55 రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇసుక వేడిని బట్టి ఆడవో మగవో తేలుతుంది, వేడి ఎక్కువైతే అన్నీ ఆడపిల్లలే, మరీ ఎక్కువైతే అసలు పొదగవు, కాబట్టి మార్చి ఎండలు ముదిరాక పైన పందిరి వేయడం కూడా మన పనే.

రాత్రి ప్రమాదమా అంటే, మా దగ్గర భయపడాల్సింది ఊరకుక్కల గుంపులకి మాత్రమే. జోడీగా వెళ్ళండి, చేతిలో కర్ర ఉంచుకోండి, ఎక్కడిదాకా వెళ్తున్నారో ఇంట్లో చెప్పి వెళ్ళండి. మా అమ్మకి కూడా మొదట్లో ఇదే టెన్షన్. నాతో నడిచే అతన్ని ఇంటికి తీసుకొచ్చి భోజనం పెట్టించాక కుదుటపడింది.

ఇక అసలు కష్టం పగలు. తాబేలు వలలో పడితే రెండే దారులు, వల కోయాలి లేదా తాబేలు చావాలి. అది చేప కాదు, ఊపిరికి పైకి రావాలి, వలలో చుట్టుకుపోయి నీళ్ళ కిందే ఉండిపోతే ఊపిరాడక పోతుంది. మా మావ ఒకసారి నా మొహం మీదే అడిగాడు, "ఏట్రా, అప్పు సేసి కొన్న వల. నీ తాబేలు కోసం కోసీమంటావు, డబ్బులు నువ్విత్తావా?" ఆయన అన్నదాంట్లో తప్పేముంది? చట్టం గురించి మాట్లాడితే ఆయన మళ్ళీ నాతో మాట్లాడడు. నేను ఆ సాయంత్రం ఆయన పక్కన కూర్చుని చిరిగిన వల కుట్టాను, తర్వాత కూడా ఎవరు కోసి వదిలామని చెప్తే వాళ్ళ వల కుట్టడానికి మేమే వెళ్ళేవాళ్ళం, దారం సంస్థ డబ్బుతో కొనేవాళ్ళం. ఇప్పుడు ఆయనే సముద్రంలోంచి ఫోన్ చేస్తాడు, ఒకటి పడింది, వదిలేశాను, రాసుకో అని. బయటి ఊరినుంచి పీజీ చదివి వచ్చినవాళ్ళు ఈ పని చేయలేరని కాదు, కానీ వాళ్ళకి ఏళ్ళు పడుతుంది. మీరు ఆ ఊరి బిడ్డ, వేటకెళ్ళే ఇంట్లో పుట్టారు, మీ అర్హత అదే. సంస్థ మిమ్మల్ని తీసుకుంటున్నది కూడా అందుకే, డిగ్రీ కోసం కాదు.

పెద్దవాళ్ళతో శ్రీకూర్మం పేరు పనిచేస్తుంది. కూర్మావతారానికి గుడి ఉన్న జిల్లా మనది, ఈ మాట నేను మొహమాటం లేకుండా వాడుకుంటాను, వాళ్ళు నిజంగానే నమ్ముతారు, నేనూ నమ్ముతాను. కానీ హార్బర్ నుంచి వచ్చి రొయ్యల కోసం అడుగు వల లాగే మరబోటు వాళ్ళకి డీజిల్ ఖర్చు, అప్పు, ఓనరు ఒత్తిడి ఇవన్నీ ఉంటాయి, అక్కడ దేవుడి మాట సరిపోదు. వాళ్ళకి పనికొచ్చేది చెప్పాలి. ఒకటి, వలలోంచి తీసినప్పుడు కదలకుండా పడి ఉన్న తాబేలు చచ్చిందని వెంటనే నీళ్ళలో విసిరేయొద్దని. స్పృహ తప్పిన తాబేలుని అలా విసిరితే నిజంగానే మునిగి చస్తుంది. పొట్ట కిందికి ఉండేలా బోటు మీద పెట్టి, వెనక భాగం కింద ఏదైనా పెట్టి అరడుగు ఎత్తుగా ఉంచి, నీడలో తడిగుడ్డ కప్పి కొన్ని గంటలు, అవసరమైతే రోజంతా చూస్తే ఊపిరితిత్తుల్లో నీళ్ళు కారిపోయి తేరుకునేవి ఉంటాయి. ఇది చేసి చూసిన బోటు కుర్రాళ్ళు ఆ తర్వాత వేరే మనుషుల్లా మాట్లాడతారు. రెండు, వలలో తాబేలు బయటికి పోయే దారి ఉండే ఇనుప చట్రం పెట్టడం. రొయ్యలు కూడా పోతాయని వాళ్ళ బాధ, ఆ మాట వినాలి. అయితే ఆ పరికరం వాడకం సరిగా లేదనే 2019 నుంచి అమెరికా మన సముద్రంలో పట్టిన రొయ్యల్ని తీసుకోవడం ఆపేసింది, చెరువు రొయ్యలకి ఆ ఇబ్బంది లేదు. ఈ నష్టం ఎవరి జేబులోంచి పోతోందో వాళ్ళకి లెక్కగా చెప్తే వింటారు.

నాకు బాగా కోపం తెప్పించే సంగతి ఒకటి చెప్తాను. మన దగ్గర వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అది చేపల పునరుత్పత్తి కోసం పెట్టింది, మంచిదే. కానీ తాబేళ్ళు ఒడ్డుకి దగ్గరగా తిరిగేది జనవరి నుంచి మార్చి దాకా, అప్పుడు బోట్లన్నీ నీళ్ళలోనే ఉంటాయి. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేట చేయకూడదని మన రాష్ట్రంలో నియమం ఉంది, అది చిన్న పడవల వాళ్ళ బతుకు కోసం పెట్టినా, దాన్ని గట్టిగా అమలు చేస్తే తాబేళ్ళూ బతుకుతాయి. ఒడిశాలో రుషికుల్య, దేవి, ధామ్రా నదుల ముఖద్వారాల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపల వేట ఆపేస్తారు. అలాంటిది ఇక్కడా కావాలంటే లెక్కలు చూపించాలి, ఆ లెక్కలు రాసేది మీరూ నేనూ.

అందుకే చచ్చి కొట్టుకొచ్చిన తాబేళ్ళ పని కూడా మనసు పెట్టి చేయాలి. దీని గురించి ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఎవరూ పెద్దగా చెప్పరు. కొన్ని ఉదయాలు వరసగా కనిపిస్తాయి, ఉబ్బిపోయి, కళ్ళు కాకులు తినేసి. ముక్కుకి గుడ్డ కట్టుకుని టేపుతో డిప్ప పొడవు కొలవాలి, తోక చూడాలి, మగదానికి డిప్ప దాటి బాగా బయటికి పొడుగ్గా ఉంటుంది, మెడ దగ్గరా రెక్కల దగ్గరా తాడు ఒరిపిడి ఉందేమో చూడాలి, ముందు రెక్కకి లోహపు ట్యాగ్ ఉంటే నెంబరు ఫోటో తీయాలి. 2021లో ఒడిశా గహిర్మఠలో ట్యాగ్ వేసిన తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్ర గుహాగర్‌లో గుడ్లు పెడుతూ దొరికింది, తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి కూడా వెళ్తాయని ఒకరెవరో ఆ నెంబరు చూడబట్టే తెలిసింది. కొలిచాక రంగు వేసి, మళ్ళీ లెక్కలో పడకుండా, పాతిపెట్టాలి. 40 కిలోలకి అటూ ఇటూ బరువు, ఇద్దరికీ నడుములు పోతాయి. ఆ రోజుల్లో అన్నం సయించదు. ఇంటికి రాగానే తలస్నానం చేసి ఎవరితోనైనా మాట్లాడండి, ఒక్కరే లోపల పెట్టుకోకండి.

అధికారం విషయంలో మీకు స్పష్టత ఉండాలి. టోపీ, టీషర్టు, ఐడీ కార్డు ఇస్తారు, రేంజర్ అంటారు, కానీ మనం అటవీశాఖ ఉద్యోగులం కాదు. ఎవరినీ పట్టుకోలేం, దేన్నీ స్వాధీనం చేసుకోలేం. 1972 వన్యప్రాణి చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూల్ జంతువు, అంటే అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలోది, వేటాడినా గుడ్లు తీసినా మూడు నుంచి ఏడేళ్ళ జైలు. అంటే అటవీశాఖ అనుమతి లేకుండా కాపాడే ఉద్దేశంతో గుడ్లు ముట్టుకున్నా చట్టం దృష్టిలో నేరమే, ఆ అనుమతి కాగితం సంస్థ దగ్గర ఉందో లేదో మొదటి రోజే అడిగి చూడండి. గుడ్లు ఎత్తుకెళ్ళేవాళ్ళు కనబడితే గొడవపడకుండా ఫారెస్టు వాళ్ళకి ఫోన్ చేయండి.

పిల్లల్ని వదిలే రోజు జనం వస్తారు, ఫోటోలు, పెద్దమనుషులు. నేను ఇక్కడ మాత్రం ఎవరి మాటా వినను. ఎవరో ముఖ్య అతిథి వచ్చేదాకా పిల్లల్ని టబ్బులో ఆపి ఉంచమని నాకు చెప్పిన సందర్భాలున్నాయి. పుట్టిన మొదటి గంటల్లో వాటికి ఉండే ఓపిక అంతా అలలు దాటి లోతు నీళ్ళకి చేరడానికే, దాన్ని టబ్బు గోడల్ని గీకడంలో ఖర్చు పెట్టించి సాయంత్రం సముద్రంలో వదిలితే అవి ఎంత దూరం పోతాయి? ఇసుక మీద వాటంతట అవే నడిచి వెళ్ళాలి, చేత్తో తీసుకెళ్ళి నీళ్ళలో వేయకూడదు. ఊళ్ళో హైమాస్ట్ లైటు ఒడ్డుకి కనబడుతుంటే అటే పాకుతాయి, కాబట్టి పిల్లలు వచ్చే నెలల్లో రాత్రి లైటు ఆపమనో, ఊరివైపు తిప్పమనో పంచాయతీని ఒప్పించాలి. మా సర్పంచ్‌ని ఒప్పించింది నేను కాదు, హేచరీ చూడ్డానికి వచ్చిన బడిపిల్లలు. ఆ దారి మీరూ పట్టుకోండి.

జీతం తక్కువే, రోజుకి లెక్కేస్తే కూలికి వెళ్ళినంత వస్తుంది, అదీ సీజన్‌లోనే. మిగతా నెలల్లో నేను వేటకి వెళ్తాను, అది నాకు లోటు అనిపించదు, వాళ్ళతో బోటులో ఉన్నందుకే నా మాట చెల్లుతోంది. మీకు నెలనెలా జీతం తప్పనిసరైతే ఇది ఒక్కటే నమ్ముకోకండి. కొందరు ఇక్కడి అనుభవంతో సర్వేలకీ, పరిశోధన చేసేవాళ్ళకి ఫీల్డ్ అసిస్టెంట్లుగానూ వెళ్ళారు, డిగ్రీ ఉంది కాబట్టి మీకు అది తేలిక.

సంతకం పెట్టేముందు కొన్ని అడగండి: ప్రమాద బీమా ఉందా, జీతం నెలనెలా బ్యాంకులో వేస్తారా లేక సీజన్ చివర్లోనా, జూన్ నుంచి నవంబరు దాకా ఏమైనా పని ఇస్తారా, వల కోసి తాబేలుని వదిలినవాళ్ళకి ఇవ్వడానికి వాళ్ళ దగ్గర కొంత డబ్బు ఉందా. ఈ చివరిదానికి లేదంటే, కనీసం దారానికైనా పెట్టమని అడగండి. చేరేముందు ఒక రాత్రి వాళ్ళతో నడవండి, కుదిరితే మీ నాన్నగారిని కూడా తీసుకెళ్ళండి. శ్రీకాకుళం వైపు వస్తే ముందు కామెంట్‌లో చెప్పండి, జనవరి నుంచి మార్చి దాకా రాత్రి ఎప్పుడైనా ఒడ్డునే ఉంటాను.